ఫిబ్రవరిలో ఎవరు వస్తారు?

కెనడాలో మా ఏరియా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఈమధ్య ఒక గొడవ జరిగింది. ఫుడ్ బ్యాంక్, అంటే లేనివాళ్లకి ఉచితంగా సరుకులిచ్చే చోటు, బయట వరుసలో నిలబడ్డ మన స్టూడెంట్ల ఫోటో ఒకటి పెట్టి, "వీళ్లు చదువుకోడానికి వచ్చారా, అడుక్కోడానికి వచ్చారా? మనందరి పరువూ తీస్తున్నారు" అని ఒకాయన రాశారు. నలుగురు అవునన్నారు. ఇద్దరు ఆయన్ని దులిపేశారు. అడ్మిన్ ఆ మెసేజ్ తీసేసేసరికి రాత్రి పదకొండయింది. తెల్లారేసరికి అందరూ సంక్రాంతి ముగ్గుల పోటీ కబుర్లలో పడ్డారు.

నేను పడలేకపోయాను. టొరంటో పక్కన మిస్సిసాగాలో ఒక చర్చి బేస్‌మెంట్‌లో నడిచే చిన్న ఫుడ్ బ్యాంక్‌కి కొన్నేళ్లుగా వాలంటీరుగా వెళ్తున్నాను. ఆ వరుస నాకు లోపలి వైపు నుంచి తెలుసు. వరుసలో మన పిల్లలు ఉన్నారు, నిజమే. కౌంటర్‌కి ఇవతల, సరుకులు సర్దే చోట, మనవాళ్లు ఒకరో ఇద్దరో. పరువు అనే మాట వాడాల్సి వస్తే నేను దీనికి వాడతాను.

చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. కెనడాలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు తాము పన్ను కట్టే ఊళ్లో, తమ పిల్లలు బడికెళ్లే ఊళ్లో ఉన్న చారిటీని తమదిగా చూసుకోవాలి. ఏడాదికోసారి డబ్బాలు పోగేసి బ్యానర్ ముందు ఫోటో దిగితే చాలదు. నెలనెలా కొంత డబ్బు, చలికాలంలో కొన్ని గంటలు ఇవ్వాలి. ఇందులో నాకే తేలని సందేహాలు కొన్ని ఉన్నాయి. అవీ రాస్తాను.

వరుసలో ఎవరున్నారు

2024 నవంబరులో మిస్సిసాగా సిటీ కౌన్సిల్ ఊళ్లో ఆహార అభద్రత అత్యవసర స్థితికి చేరిందని ప్రకటించింది. మరుసటి నెల టొరంటో కూడా అదే ప్రకటన చేసింది. ఫుడ్ బ్యాంక్స్ కెనడా సంస్థ ఏటా మార్చి నెలలో దేశమంతటా లెక్క తీస్తుంది. 2019 మార్చిలో జనం ఫుడ్ బ్యాంకులకి సుమారు 11 లక్షల సార్లు వచ్చారు. 2024 మార్చిలో అది 20 లక్షలు దాటింది. 2025 మార్చికి దాదాపు 22 లక్షలు. తినేవాళ్లలో మూడో వంతు పిల్లలు. వచ్చేవాళ్లలో దాదాపు ఐదుగురికి ఒకరు ఉద్యోగం చేస్తున్నవాళ్లే. జీతం వస్తోంది, నెలాఖరు దాకా రావడం లేదు.

మా దగ్గరా ఇంతే. రాత్రి షిఫ్టు దిగి నర్సింగ్ హోమ్ యూనిఫాంలోనే వచ్చే ఆవిడ, చేతికర్రతో మెట్లు దిగే పెద్దాయన, స్ట్రోలర్‌లో ఒకరిని, చేయి పట్టుకుని ఒకరిని తెచ్చే తల్లి. మన స్టూడెంట్లు ఆ వరుసలో ఒక భాగం మాత్రమే. ఫోటో తీసినాయనకి వాళ్లే కనబడటానికి కారణం, అవి మనకి తెలిసిన ముఖాలు కావడమే.

కందిపప్పు ఉందా ఆంటీ?

ఒక మంగళవారం గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి సంచీ తీసుకుని తలుపు దాకా వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చింది. నేను తెలుగు అని నా ఫోన్ మాటలు విని కనిపెట్టింది. సంచీలోంచి రెండు ట్యూనా డబ్బాలు తీసి కౌంటర్ మీద పెట్టి, "మేం తినం ఆంటీ, ఇంకెవరికైనా ఇవ్వండి. కందిపప్పు ఏమైనా ఉందా?" అంది. లేదు. పాస్తా ఉంది, పీనట్ బటర్ ఉంది, డబ్బాల్లో ఉడికించిన శనగలు ఉన్నాయి. ఆ శనగల డబ్బా రెండోది ఇస్తే తీసుకుంది. "పర్లేదు ఆంటీ, తాలింపు వేసుకుంటాం" అంది.

అక్కడ అన్నీ చూసుకునే కోఆర్డినేటర్ పోర్చుగీసు కుటుంబంలో పుట్టిన పెద్దావిడ. ఆ అమ్మాయి ఏమడిగిందని నన్నడిగి, స్పెల్లింగ్ చెప్పించుకుని, గోడ మీద ఉన్న బోర్డులో రాసుకుంది. తర్వాతి వారం నేను వెళ్లేసరికి మూడో అరలో రెండు పౌండ్ల కందిపప్పు ప్యాకెట్లు వరసగా ఉన్నాయి. ఆ వారం ఎవరో చెక్కు ఇచ్చారట. డబ్బు చేతిలో ఉంది కాబట్టి ఏం కావాలో అది కొనగలిగింది. అరల్లో అప్పటికే పేరుకుపోయిన స్వీట్ కార్న్ డబ్బాలతో ఆ పని అయ్యేది కాదు.

మన సంఘాలవాళ్లకి నేను ఎన్నిసార్లు చెప్పినా ఎక్కని విషయం ఇదే. ఫుడ్ డ్రైవ్ అనగానే పెట్టెలు పెడతాం. దీపావళి ఫంక్షన్ దగ్గర గుమ్మంలో మూడు పెట్టెలు, పైన రంగుకాగితం. అందరూ మంచి మనసుతోనే తెస్తారు, దాన్ని నేను తక్కువ చెయ్యను. ఆ పెట్టెలు మా దగ్గరికి వచ్చాక ఏం జరుగుతుందో మాత్రం చెప్పాలి. ఒక్కో డబ్బా చేతిలోకి తీసుకుని తేదీ చూస్తాం. "బెస్ట్ బిఫోర్" దాటినంత మాత్రాన చాలా డబ్బాలు చెడిపోవు కాబట్టి కొన్ని ఉంచుతాం. పసిపిల్లల ఫార్ములా మాత్రం ఒక్క రోజు దాటినా అవతల పడేయాల్సిందే. అతుకు దగ్గర నొక్కుకుపోయిన డబ్బా పనికిరాదు. విప్పి రబ్బరు బ్యాండు వేసిన మసాలా ప్యాకెట్లు, డబ్బాలోకి మార్చిన ఇంటి పచ్చళ్లు, మూడేళ్ల కిందటి కొబ్బరిపాలు పక్కకి వెళ్తాయి. ఒక పూటంతా నలుగురు వాలంటీర్లు దీనికే సరిపోతారు. అదే విలువ డబ్బుగా ఇస్తే ఫుడ్ బ్యాంక్ హోల్‌సేల్‌లో కొంటుంది, బియ్యం తక్కువైన వారం బియ్యం, డైపర్లు తక్కువైన వారం డైపర్లు.

డబ్బు ఇవ్వమంటే వెంటనే వచ్చే మాట, "అంతా జీతాలకే పోతుంది కదండీ." అడగాల్సిన ప్రశ్నే. దానికి జవాబు కూడా అందరికీ అందుబాటులో ఉంది. రిజిస్టర్ అయిన ప్రతి చారిటీ ఏటా కెనడా రెవెన్యూ ఏజెన్సీకి టీ3010 అనే ఫారం వెయ్యాలి. ఎంత వచ్చింది, ఎంత దేనికి పోయింది, ఎంతమందికి జీతాలు, అన్నీ ఏజెన్సీ వెబ్‌సైట్‌లో పేరు కొడితే వస్తాయి. ఎవరైనా చూడొచ్చు. ఇల్లు కొనేముందు వీధి వీధినీ గాలించే మనవాళ్లకి ఇది పెద్ద పని కాదు. ఇంకో సంగతి, జీతం అంటే దుబారా అని ఎందుకనుకోవాలి? ఫ్రిజ్ ఉన్న ట్రక్కు నడిపే డ్రైవరుకి జీతం ఇవ్వకపోతే సూపర్‌మార్కెట్ ఇచ్చే పాలు మా బేస్‌మెంట్‌కి రావు.

పన్ను లెక్క కూడా మనవాళ్లు పట్టించుకోరు. మా ఒంటారియో ప్రావిన్సులో నెలకి 50 డాలర్లు, అంటే ఏడాదికి 600 ఇస్తే, ఫెడరల్, ప్రావిన్షియల్ క్రెడిట్లు కలిపి సుమారు 200 డాలర్లు పన్నులో తగ్గుతాయి. 200 దాటాక ఇచ్చే ప్రతి డాలరుకీ క్రెడిట్ ఎక్కువ. ఏడాదిలో ఇచ్చినవన్నీ కలిపే ఈ లెక్క, కాబట్టి రసీదు తీసుకుని క్రమంగా ఇవ్వడం లాభం. రసీదు ఇచ్చే అర్హత రిజిస్టర్డ్ చారిటీల్లాంటి గుర్తింపు పొందిన సంస్థలకే ఉంటుంది. లాభాపేక్ష లేని సంఘం అయినంత మాత్రాన అది రాదు.

అసలు మన స్టూడెంట్లకి ఇవ్వాలా?

గ్రూపులో గొడవంతా దీని మీదే కాబట్టి దాటేయలేను. 2023లో బ్రాంప్టన్‌లో ఒక ఫుడ్ బ్యాంక్ విదేశీ విద్యార్థులు రావద్దని నోటీసు పెట్టింది. 2024లో గ్రేటర్ వాంకూవర్ ఫుడ్ బ్యాంక్ మొదటి ఏడాది విదేశీ విద్యార్థులకి ఇవ్వలేమంది. వాళ్ల వాదనలో పస లేదని నేను అనను. వీసా తీసుకున్నప్పుడు బతకడానికి డబ్బుందని కాగితం చూపించి వచ్చారు కదా, ఉన్న కొద్దిపాటి సరుకు ఏ దారీ లేని ముసలివాళ్లకీ పిల్లలకీ ఇవ్వొద్దా అంటారు. పైగా అదే ఏడాది, ఉద్యోగం చేసుకుంటున్న మనదేశపు కుర్రాడొకడు ఫుడ్ బ్యాంకుల్లో ఫ్రీగా సరుకులు తెచ్చుకుని నెలకి ఎంత మిగిల్చానో చూడండంటూ పెట్టిన వీడియో దేశమంతా తిరిగింది. దాని దెబ్బ నిజంగా ఆకలితో వచ్చినవాళ్లకి తగిలింది. ఆ తర్వాత కొన్ని వారాలు మా దగ్గర మన పిల్లలు సంచీ తీసుకుంటూ తలెత్తేవాళ్లు కాదు.

కానీ ఆ కాగితం సంగతి చూడండి. ట్యూషన్ ఫీజు పోను ఏడాది ఖర్చుకి చూపించాల్సిన మొత్తం 10,000 డాలర్లు అని దాదాపు ఇరవై ఏళ్ల పాటు ఉంచేశారు. ఈలోగా అద్దెలు ఎక్కడికి పోయాయో మనందరికీ తెలుసు. 2024 జనవరి 1 నుంచి దాన్ని 20,635 చేశారు. 2025 సెప్టెంబరు నుంచి 22,895. అంటే పాత అంకె బతకడానికి సరిపోదని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. వీసా కోసం ముందే బ్యాంకులో వేసిన జీఐసీ డిపాజిట్ నుంచి నెలనెలా వచ్చే డబ్బు బేస్‌మెంట్‌లో మంచానికే సరి. సెమిస్టర్ నడుస్తున్నప్పుడు క్యాంపస్ బయట వారానికి 24 గంటలకి మించి పని చెయ్యకూడదు, ఆ పని దొరికితే కదా. కొత్తగా వచ్చిన వలసదారుల కోసం ఫెడరల్ డబ్బుతో నడిచే సెటిల్‌మెంట్ సేవలు, అంటే ఉద్యోగ సలహా, భాషా తరగతులు, పర్మనెంట్ రెసిడెంట్లకీ శరణార్థులకీ. స్టూడెంటుకి ఆ తలుపులు లేవు. మిగిలినవి క్యాంపస్ ఫుడ్ బ్యాంకు, గుడి, గురుద్వారా, మా బేస్‌మెంట్ లాంటివి. దేశంలో మొదటి క్యాంపస్ ఫుడ్ బ్యాంక్ 1991లోనే అల్బెర్టా యూనివర్సిటీలో మొదలైందని గుర్తు చేసుకుంటే, చదువుకునేవాళ్ల ఆకలి నిన్నమొన్నటిదీ కాదు, మనవాళ్లతో వచ్చిందీ కాదు.

నా మటుకు నాకు, ఆకలితో వచ్చినవాళ్లకి పెట్టాలి. సరుకు చాలకపోతే సరుకు పెంచాలి. పెంచే స్థోమత ఉన్నవాళ్లలో మనం ఉన్నాం. మూడు బెడ్‌రూముల ఇళ్లలోంచి, రెండు జీతాల్లోంచి ఆ పిల్లల్ని "పరువు తీశారు" అనడం నాకు మింగుడు పడదు. అదే ఇళ్లలో కొందరు బేస్‌మెంట్లు వాళ్లకే అద్దెకిచ్చారు.

ఇక్కడ ఒక సందేహం నన్ను వదలదు. మా దగ్గర మొదటిసారి వచ్చినవాళ్లని ఐడీ, అడ్రసు కాగితం, ఇంట్లో ఎంతమంది, రాబడి ఎంత అని అడుగుతారు. డొక్కా సీతమ్మగారి కథ వింటూ పెరిగినవాళ్లం మనం. లంకల గన్నవరంలో ఆవిడ గుమ్మం తొక్కినవాళ్లని ఎవరు, ఏమిటి అని అడగలేదు, ఆకు వేసి వడ్డించింది. డిక్సీ రోడ్ మీద ఒంటారియో ఖాల్సా దర్బార్ గురుద్వారాలో ఇవాళ్టికీ లంగర్‌లో, అంటే ఉచిత భోజనం దగ్గర, ఎవరూ ఏమీ అడగరు. మరి మేమెందుకు అడుగుతున్నాం? కోఆర్డినేటర్‌ని అడిగితే, ఏ వారం ఎన్ని కుటుంబాలు వస్తాయో తెలియకపోతే సరుకు తెప్పించలేమని, లెక్క లేకపోతే మాకు సరుకు పంపే పెద్ద ఫుడ్ బ్యాంక్ మా వాటా పెంచదని చెప్పింది. కారణం అర్థమైంది. అయినా ఒక తండ్రి కొడుకు ముందు తన రాబడి ఎంతో చెప్పాల్సి వచ్చినప్పుడు నేను పని ఉన్నట్టు అవతలికి వెళ్లిపోతాను. ఇది సరిగ్గా ఎలా చెయ్యాలో నాకు తెలియదు.

"మనమే ఒకటి పెట్టుకుందాం"

గొడవలో ఒకరు చాలా ఉత్సాహంగా, తెలుగువాళ్లకే ఒక ఫుడ్ బ్యాంక్ పెడదాం, బ్రిటిష్ కొలంబియాలోని సర్రేలో సిక్కులు 2020లో గురు నానక్ ఫుడ్ బ్యాంక్ పెట్టలేదా అన్నారు. వాళ్లు చేసింది గొప్ప పని. వాళ్ల వెనక దశాబ్దాలుగా రోజూ వండి వడ్డిస్తున్న గురుద్వారాలు ఉన్నాయి, తెల్లవారుజామున రొట్టెలు వత్తడానికి వచ్చే అలవాటున్న చేతులు ఉన్నాయి. మనకి ఉన్నవి ఏడాదికి మూడు ఫంక్షన్లు, రెండేళ్లకోసారి మారే కమిటీ. కొత్త సంస్థ పెడితే మొదటి ఏడాది పేరు, లోగో, అధ్యక్షుడెవరన్న దాని మీదే అయిపోతుంది, ఇది మనం చూడనిది కాదు. వీధి చివర ఫ్రిజ్, ఇన్సూరెన్స్, ట్రక్కు, చారిటీ నంబరు అన్నీ ఉండి మనుషులు లేక అల్లాడుతున్న చోటు ఇప్పటికే ఉంది. అందులో చేరితే వచ్చే మంగళవారం నుంచే పని మొదలవుతుంది.

మనుషుల సంగతి కొంచెం వివరంగా చెప్తాను. డిసెంబరులో మా దగ్గర నిలబడే చోటుండదు. ఆఫీసులవాళ్లు టీములుగా వస్తారు, ఒకేరకం టీషర్టులు, ఫోటోలు. కార్టన్లు మెట్ల మీద దాకా పేర్చి ఉంటాయి. ఫిబ్రవరి మూడో వారానికి అరల వెనక గోడ కనబడుతుంది. మంచు పడ్డ రోజు కౌంటర్ దగ్గర ముగ్గురం. అందులో ఒకాయన రిటైరైన మెకానిక్, డెబ్బై దాటినవాడు, బేకరీ నుంచి నిన్నటి రొట్టెలు తన సొంత కారులోనే తెస్తాడు. మైనస్ పదిహేనులో ఆయన ట్రేలు మోస్తుంటే చూడలేక మెట్ల దగ్గరికి పరిగెత్తాలి. క్రిస్మస్‌కి తిన్నవాళ్లకి ఫిబ్రవరిలో ఆకలి వెయ్యదా? హీటింగ్ బిల్లు వచ్చే నెల అది. సంఖ్యలు కూడా ఇదే చెప్తున్నాయి. స్టాటిస్టిక్స్ కెనడా సర్వేల ప్రకారం సంస్థల ద్వారా వాలంటీరు పని చేసేవాళ్లు 2018లో నూటికి 41 మంది, 2023కి 32 మంది. ఆ మెకానిక్ లాంటివాళ్లు తప్పుకుంటున్నారు, వాళ్ల చోట్లోకి వచ్చేవాళ్లు తక్కువ.

ఒంటారియోలో హైస్కూల్ పిల్లలకి డిప్లొమా కావాలంటే 40 గంటల సమాజ సేవ తప్పనిసరి. మన ఇళ్ల నుంచి చారిటీకి వెళ్లే దారి ఎక్కువగా ఇదే. గంటలు అవ్వగానే మాయమైపోతారని కొందరు వాలంటీర్లు విసుక్కుంటారు. నేను విసుక్కోను. ఒకసారి ఒక తల్లి ఫోన్ చేసి, "మా వాడికి ట్యూషన్లున్నాయండీ, మీరు సంతకం పెట్టేస్తే..." అంది. పెట్టనన్నాను. ఆ అబ్బాయి మొహం మాడ్చుకునే వచ్చాడు. బంగాళదుంపలు ఐదేసి పౌండ్ల సంచుల్లో కట్టే పని ఇచ్చాం. కుళ్లినవి ఏరడం దగ్గర మొదట ముక్కు మూసుకున్నాడు. రెండో నెలకి, వరుసలో తన స్కూల్లో చదివే పిల్ల వాళ్లమ్మతో నిలబడటం చూసి, నన్నేమీ అడక్కుండా వెనక గదిలోకి వెళ్లి వాళ్లు వెళ్లేదాకా అక్కడే సంచులు కట్టాడు. ఆ పిల్ల తనని చూసి ఇబ్బంది పడకూడదని. పదహారేళ్లవాడికి అది ఎవరూ నేర్పలేదు.

మరి సొంతూరు?

నాతో గట్టిగా వాదించినవాళ్లలో నా తోడికోడలు ఒకర్తి. "అక్కా, ఇక్కడ యాభై డాలర్లకి నాలుగు సంచుల సరుకు. మా ఊరి బడిలో దానితో ఒక పిల్లకి ఏడాది పుస్తకాలు, చెప్పులు వస్తాయి. కెనడాలాంటి దేశానికి నా యాభై ఎందుకు?" అంది. లెక్క ప్రకారం ఆవిడదే గెలుపు. శ్రీకాకుళానికో పాలమూరుకో పంపే డబ్బు ఆపమని నేను చెప్పను, నేనూ ఆపలేదు. నా మాట వేరే. డబ్బు సముద్రాలు దాటుతుంది, చేతులు దాటవు. మన ఊళ్లో బడి గది కట్టించొచ్చు, అక్కడ మంగళవారం మధ్యాహ్నం కౌంటర్ వెనక నిలబడలేం. ఇక్కడ నిలబడగలం. ఇంకోటి, మనం వచ్చిన కొత్తలో చలికోటు ఇచ్చింది, రెజ్యూమే దిద్దింది, పిల్లల్ని లైబ్రరీ కథల గంటకి పిలిచింది ఈ ఊరే. చాలామందిమి అవి వాడుకున్నాం, ఎవరు నడుపుతున్నారో అడగలేదు.

ఇది ప్రభుత్వం పని కదా

నా అసలు సందేహం ఇది, దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కెనడాలో మొదటి ఫుడ్ బ్యాంక్ 1981లో ఎడ్మంటన్‌లో తెరిచారు, ఆర్థిక మాంద్యం గట్టెక్కేదాకా తాత్కాలికంగా అని. ఇప్పటికి నలభై ఏళ్లు దాటింది. మనం సంచులు పంచుతున్నకొద్దీ ప్రభుత్వాలు నిశ్చింతగా ఉంటాయని, ఆకలికి మందు ఆదాయమే గానీ పాస్తా డబ్బా కాదని టొరంటో యూనివర్సిటీలోని ప్రూఫ్ అనే పరిశోధన బృందం ఏళ్లుగా చెప్తోంది. వాళ్ల మాటకి బలమైన సాక్ష్యం ఉంది. 64 ఏళ్ల వయసులో తిండికి కటకటలాడే పేద మనిషికి 65 రాగానే వృద్ధాప్య పింఛను మొదలవుతుంది, ఆ వయసు దాటినవాళ్లలో తిండి కటకట దాదాపు సగానికి పడిపోతుంది. ఫుడ్ బ్యాంక్ మారలేదు, కూరగాయల ధర మారలేదు, చేతికి నెలనెలా డబ్బు వచ్చింది, అంతే. 2024 లెక్కల ప్రకారం పది ప్రావిన్సుల్లో నాలుగో వంతు జనం తిండికి ఏదో ఒక స్థాయిలో ఇబ్బంది పడే ఇళ్లలో ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది మా గుమ్మం తొక్కనే తొక్కరు.

కాబట్టి ఫుడ్ బ్యాంకుతో ఆకలి పోతుందని నేను నమ్మను. నమ్మకుండానే వెళ్తున్నాను. ఎందుకంటే చట్టం మారేదాకా ఆ నర్సింగ్ హోమ్ ఆవిడ ఇవాళ రాత్రి ఏం వండాలి? ఇంకో కారణం కూడా ఉంది. నేను పైన రాసిన 22 లక్షల లెక్క ఏ ప్రభుత్వ శాఖా తీసింది కాదు. మా రిసెప్షన్ బల్ల లాంటి బల్లల దగ్గర వాలంటీర్లు ఇంట్లో ఎంతమంది అని అడిగి కంప్యూటర్‌లో కొట్టిన లెక్క. సిటీ కౌన్సిల్ అత్యవసర స్థితి అని ఒప్పుకున్నది అలాంటి లెక్కలు ముందు పెడితేనే. సంచీ ఇచ్చేవాళ్లే సాక్ష్యం కూడా చెప్పగలరు. ఇంట్లో కూర్చుని ప్రభుత్వం చూసుకోవాలి అనేవాళ్ల దగ్గర ఆ సాక్ష్యం ఉండదు.

మన సంఘాలకి ఉన్న ఒక బలాన్ని మనం వాడుకోవడం లేదు. ప్రతి ఉగాదికీ ఎంపీపీలని, అంటే ఇక్కడి ప్రావిన్సు శాసనసభ్యులని, కౌన్సిలర్లని పిలుస్తాం. శాలువా కప్పుతాం, వాళ్లు "నమస్కారం" అంటే చప్పట్లు కొడతాం, పులిహోర తినిపించి పంపిస్తాం. ఒంటారియో వర్క్స్ అనే ప్రభుత్వ సాయం మీద బతికే ఒంటరి మనిషికి ప్రావిన్సు ఇచ్చేది నెలకి గరిష్ఠంగా 733 డాలర్లు. 2018 నుంచి ఆ అంకె కదల్లేదు. మా ఊళ్లో ఒక బెడ్‌రూం అద్దె దానికి రెండింతల పైమాటే. ఈసారి వచ్చే ఎంపీపీగారిని భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టి, 733తో ఈ ఊళ్లో ఎక్కడ ఉండమంటారో చెప్పమని అడగాలని కమిటీకి ఉత్తరం రాశాను. వాళ్లింకా జవాబివ్వలేదు. ఇవ్వకపోయినా నేను అడుగుతాను.